లావెండరు మొక్కా, గంధపుచెక్కా

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. ఈ సామెత చెప్పిన పెద్దమనిషి ఎవరోగానీ, లావెండరు మొక్కని మాత్రం చూసి ఉండడు. దానికి పువ్వు పుట్టకముందే పరిమళం. జానెడు మొక్కగా ఉన్నప్పుడే ఓ ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపితే చాలు, ఇక ఆ పూట చెయ్యి కడుక్కోబుద్ధి కాదు. పువ్వంటారా, అది తర్వాతెప్పుడో, మొక్క నేలలో కుదురుకున్నాక, తీరుబడిగా వస్తుంది.

మనలో చాలామందికి లావెండరు ముందు ఓ వాసన, ఆ తర్వాతే మొక్క. సబ్బుల్లోనూ, పౌడరు డబ్బాల్లోనూ, ఆఖరికి నేల తుడిచే మందులోనూ మనకి దానితో పరిచయం. అందుకే మా మేడమీద కుండీలో తొలిసారి దాన్ని చూసినప్పుడు మా అత్తగారు ఆకు వాసన చూసి, "ఇదేమిటమ్మాయ్, సబ్బు వాసనొస్తోంది! సబ్బులోంచి మొక్క మొలిచిందా ఏమిటి?" అన్నారు. ఆనాటినుంచీ మా ఇంట్లో దాని పేరు సబ్బు మొక్క. ఆవిడ పెట్టిన పేరు తప్పేమీ కాదు. లాటిన్ భాషలో 'లవారె' అంటే కడగడం. ఆ మాటలోంచే లావెండరు అనే పేరు వచ్చిందని చాలామంది అంటారు. ఏ లాటినూ రాని మా అత్తగారు ముక్కుతో కనిపెట్టిన సంగతి అదే మరి.

చుట్టరికం చూసుకుంటే ఇది మనకి మరీ పరాయిది కూడా కాదు. మన తులసి, మరువం, పుదీనా దీని కుటుంబమే. నమ్మకం లేకపోతే కాడని రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలు చేతికి తగుల్తాయి. తులసి కాడా అంతే. అయితే తులసమ్మ మన పెరట్లో స్థిరపడిపోయింది. ఈవిడ పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల కొండలు. సున్నపురాయి నేల, పొడిగాలి, బోలెడంత ఎండ.

లావెండర్లలో చాలా రకాలున్నాయి. వాటిల్లో పరిమళానికి పెట్టింది పేరు 'అంగుస్టిఫోలియా' అనే సన్నాకు రకం. దాన్నే అసలు లావెండరు అంటారు. దానికి చలి కావాలి, హైదరాబాదు వేసవి దానికి పడదు. మాబోటి వాళ్ళం పెంచుకోగలిగేది 'డెంటాటా' అనే రకం. ఆకు అంచులు రంపపు పళ్ళలా చెక్కినట్టుంటాయి. వాసనలో కొంచెం కర్పూరపు ఘాటు ఎక్కువ, తియ్యదనం తక్కువ. అయినా వేడిని ఓర్చుకుంటుంది. అసలు మనిషి రాలేకపోతే చెల్లెల్ని పంపినట్టన్నమాట.

ఈ మొక్క పెంపకంలో విచిత్రమేమిటంటే, దీనికి మనం ఎంత తక్కువ చేస్తే అంత బాగుంటుంది. మట్టికుండీ, అడుగున పెద్ద చిల్లు. ఎర్రమట్టిలో సగానికి సగం గరుకు ఇసక, చిన్న గులకరాళ్ళు కలపాలి. ఎరువు నామమాత్రం. రోజుకి ఆరుగంటలకి తక్కువ కాకుండా ఎండ తగలాలి. నీళ్ళు రోజూ పొయ్యకూడదు. మట్టిలో వేలు పెట్టి చూస్తే రెండు అంగుళాల లోతుదాకా పొడిగా తగిలినప్పుడే పొయ్యాలి, అదీ మొదట్లో, ఆకుల మీద కాదు. వానాకాలం వస్తే కుండీని గాలి ఆడే చూరు కిందికి జరపాలి. వేళ్ళు తడిసి నానిపోతే నాలుగు రోజుల్లో మొక్క బూడిదరంగుకి తిరిగి పోతుంది. బలమైన ఎరువు వేశారనుకోండి, ఆకులు గుబురుగా పెరుగుతాయి, మెత్తబడతాయి, పువ్వూ వాసనా మాత్రం వెనక్కి తగ్గుతాయి.

మా కింది వాటాలో ఉన్నావిడకి ఈ పద్ధతి బొత్తిగా నచ్చలేదు. ఆవిడ పెరట్లో బెండమొక్కలకీ వంగమొక్కలకీ దోసిళ్ళకొద్దీ ఎరువు వేసి పెంచే మనిషి. "పాపం, దాన్నలా రాళ్ళలో పడేసి తిండిపెట్టకుండా మాడుస్తున్నారేమిటండీ?" అని రోజూ నన్ను నిలదీసేది. ఓ ఆదివారం మావారి స్నేహితుడు, తెలుగు లెక్చరరుగా రిటైరైన పెద్దాయన, కాఫీ తాగుతూ ఈ సంవాదమంతా విన్నారు. విని, కళ్ళజోడు తుడుచుకుని, "చూశారామ్మా, ఇందులో ఎంత జీవితసత్యం ఉందో! సుఖంలో పెరిగితే ఆకులే. కష్టంలో పెరిగితేనే పరిమళం. మనిషైనా అంతే" అన్నారు. గదిలో ఉన్న అందరం తలలూపాం. అంత చక్కగా చెప్పిన మాటకి తల ఊపకుండా ఉండటం మర్యాద కాదు కదా!

తలైతే ఊపాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. కష్టం నిజంగా మనిషికి పరిమళాన్నిస్తుందా?

మన భాషలో ఈ మాటని బలపరచే ఉపమానాలకి కొదవలేదు. అరగదీసినకొద్దీ గంధపుచెక్క సువాసనిస్తుంది. తాను కాలుతూ అగరొత్తి ఇంటిని పరిమళింపజేస్తుంది. కర్పూరం కరిగిపోతూ వెలుగిస్తుంది. పుటం పెడితేనే బంగారం మెరుస్తుంది. వినడానికి ఎంత ఇంపుగా ఉన్నాయో! అయితే ఒక్కసారి ఆలోచించి చూడండి, ఈ ఉపమానాలు ఎవరు ఎవరికి చెప్తారు? అత్తవారింట్లో అవస్థపడే కోడలికి చెప్తారు. చాలీచాలని జీతంతో చాకిరీ చేసే చిన్న ఉద్యోగికి చెప్తారు. అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళకోసం తన చదువు మానుకున్న పెద్దపిల్లకి చెప్తారు. అలిగి భోజనం మానేసిన కొత్త అల్లుడితో "బాబూ, గంధపుచెక్కలా అరగదియ్యబడు" అని ఏ మామగారైనా అనగా విన్నారా? అల్లుడికి అప్పుడు కావలసింది గారెలూ బూరెలూ. ఉపమానాలు కావు.

ఇదంతా నాకు ఊసుపోక కలిగిన ఆలోచన కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెద్దమ్మ కూతురు మా ఇంటికొచ్చింది. వాళ్ళ అమ్మాయికి పెళ్ళయి మూడేళ్ళు. చదువుకున్న పిల్ల, ఉద్యోగం చేసుకుంటుండేది. పెళ్ళయిన ఆర్నెల్లకి ఉద్యోగం మానిపించారు. పుట్టింటికి ఫోను చేస్తే పక్కన ఎవరో ఒకరు నిలబడి వింటారు. అతగాడికి కోపమొస్తే అన్నం కంచం గోడకేసి కొడతాడు. పిల్ల నెలరోజులుగా పుట్టింట్లోనే ఉంది, తిరిగి వెళ్ళనంటోంది.

"చెయ్యి చేసుకోలేదే ఇంతవరకూ. ఆ మాట చెప్పుకోవాలి కదా" అంది మా అక్క, అల్లుడి సుగుణం చెప్తున్నట్టు. తర్వాత అసలు సంగతికొచ్చింది. "నీ మాటంటే దానికి గురి. నవల్లు రాసేదానివి, నీకు మాటలు తెలుసు. ఆడదన్నాక ఓర్చుకుంటేనే వన్నె అనీ, గంధపుచెక్కలాగా అనీ, నాలుగు మంచి మాటలు ఉత్తరం ముక్క రాయవే. పిన్ని రాసిందంటే మెత్తబడుతుంది."

మా అక్క చెడ్డదేమీ కాదు. కూతురి సంసారం నిలబడాలనే ఆవిడ ఆరాటం. కానీ నేను రాయబోయే నాలుగు మాటలమీద ఓ పిల్ల మళ్ళీ రైలెక్కవచ్చు. ఆ కంచం మళ్ళీ గోడకి తగలవచ్చు, లేదా ఈసారి గోడకి కాకుండా మరోచోట తగలవచ్చు. అంచేత "ఆలోచించి రాస్తానక్కా" అన్నాను. ఆలోచించడానికి నాకు దొరికింది ఆ సబ్బు మొక్కే. కష్టం వల్లే పరిమళం అన్న పెద్దమనిషి మాట అసలు ఆ మొక్క విషయంలోనైనా నిజమేనా అని ముందు అది తేల్చుకుందామనిపించింది.

ఫ్రాన్సు దేశంలో ప్రోవెన్స్ అనే ప్రాంతముంది. లావెండరుకి ప్రపంచంలో పేరుమోసిన చోటు. అక్కడ అసలు లావెండరుని ఎనిమిది వందల మీటర్లకి పైన, రాతిగుట్టల మీద పెంచుతారు. దిగువ మైదానాల్లో పెంచేది 'లావెండిన్' అనే సంకరజాతి. దానికి దిగుబడి ఎక్కువ, పరిమళంలో నాణ్యం తక్కువ. ఎగువ ప్రోవెన్స్ లావెండరు నూనెకి 1981 నుంచీ ఆ ప్రాంతం పేరుమీద ప్రత్యేక గుర్తింపు కూడా ఉంది. ఒక్క కిలో నూనె దిగాలంటే వంద కిలోలకి పైగా పువ్వు బట్టీ పట్టాలి. సరే, కొండమీది రాతినేలలోనే మేలురకం పరిమళమని తేలింది కదా, లెక్చరరుగారే గెలిచారనిపిస్తుంది.

కానీ ఆ రాతినేల లావెండరుకి కష్టమని మనకెవరు చెప్పారు? రాళ్ళని చూసి "అయ్యో పాపం" అనుకున్నది మనం. దానికి అది పుట్టిల్లు. ఆ రాళ్ళ మధ్య నీళ్ళు నిలవవు, వేళ్ళకి గాలి ఆడుతుంది, పగలంతా ఎండ తగుల్తుంది. దానికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. మనం పంచభక్ష్యాలనుకుని పెట్టే నల్లరేగడీ, పశువుల ఎరువూ, రెండుపూటలా నీళ్ళూ, ఇవీ దానికి కష్టాలు. కిందివాటా ఆవిడ జాలి తల్చి బిందెడు నీళ్ళు పోస్తే చచ్చిపోయే మొక్క అది. అంటే దాని పరిమళం కష్టంలోంచి రాలేదు. తనకి పడే చోట ఉండటంలోంచి వచ్చింది.

అంతదూరం ఎందుకు, మన దేశంలోనే చూడండి. జమ్ము కాశ్మీరులో దోడా జిల్లా భదర్వా కొండల్లో రైతులు తరతరాలుగా మొక్కజొన్న వేసేవారు. నీటి వసతి లేని వాలునేలల్లో ఆ పంట ఎప్పుడూ అంతంతమాత్రమే. ఈమధ్య ఓ పదేళ్ళుగా జమ్ములోని కేంద్ర పరిశోధన సంస్థవాళ్ళు అరోమా మిషన్ అనే పథకం కింద లావెండరు నారు ఇచ్చి, నూనె తీసే బట్టీలు పెట్టించి ఆ రైతుల్ని ఇటు మళ్ళించారు. పంట బాగా అందివచ్చి 2022లో అక్కడ లావెండరు పండుగే చేశారు. ఇక్కడ నన్నాకట్టుకున్న సంగతొకటే. నేల అదే, వాలు అదే, వాన అదే. మొక్కజొన్నకి అది కష్టం, లావెండరుకి కాపురం. ఆ మొక్కజొన్నతో "నువ్వు ఇంకొంచెం ఓర్చుకో తల్లీ, పరిమళిస్తావు" అని ఎన్నేళ్ళు చెప్పినా అది పరిమళించేది కాదు. ఎండిపోయేది.

లావెండరు ఓర్పుకీ ఓ హద్దుంది. ప్రోవెన్స్‌లో వానలు వరసగా ఎగ్గొట్టిన ఏడు మొక్కలు నిలువునా ఎండుతాయి. దానికితోడు ఓ తెగులుంది. చిన్న పురుగొకటి రసం పీలుస్తూ ఒక మొక్కనుంచి మరో మొక్కకి అంటిస్తుంది. దానివల్ల అక్కడి తోటలు ఎంతో నష్టపోయాయి. ఆ పురుగు ధాటి తగ్గించడానికి రైతులు కనిపెట్టిన ఉపాయాల్లో ఒకటేమిటో తెలుసా? లావెండరు వరసల మధ్య ఖాళీ నేలలో గడ్డీ, ధాన్యపు మొక్కలూ చల్లడం. రాళ్ళలో ఒంటరిగా తపస్సు చేస్తున్నట్టు కనిపించే మొక్కకి కూడా పక్కన తోడుంటే మేలన్నమాట.

తోడంటే గంధపుచెట్టు గుర్తొచ్చింది. ఓర్పుకీ త్యాగానికీ మనవాళ్ళు ఏనాడో పట్టం కట్టిన చెట్టు. ఈ చెట్టు సంగతి వింటే ఆశ్చర్యపోతారు. శ్రీగంధం ఒంటరిగా బతకలేదు. దాని వేళ్ళు మట్టికింద పక్కచెట్ల వేళ్ళని వెతికి పట్టుకుని, వాటినుంచి నీళ్ళూ సారమూ లాక్కుంటాయి. అందుకే శ్రీగంధం తోటలు వేసేవాళ్ళు నారు నాటేటప్పుడే పక్కన ఓ కందిమొక్క పెడతారు. పెద్దయ్యాక సరుగుడో కానుగో మరోటో తోడుండాలి. చేవదేరి సువాసన పట్టడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ దాన్ని ఎవరో పోషిస్తూనే ఉన్నారు. మనం చూసేది మాత్రం చివర్లో సానమీద అరగడం ఒక్కటే. అరగదియ్యడం వల్ల గంధం పుట్టదు, అప్పటికే ఉన్న గంధం బయటికొస్తుంది. ఓ మామూలు చెక్క తెచ్చి సానమీద ఏడాదిపాటు అరగదీసినా వచ్చేది రంపపుపొట్టే.

ఇంతవరకూ రాసి నాకు నేనే అభ్యంతరం చెప్పుకున్నాను. ఏం, కష్టం ఏమీ నేర్పదా? సుఖంగా పెరిగినవాళ్ళలో లేని ఓ తడి, ఓ మెత్తదనం దెబ్బలు తిన్నవాళ్ళలో మనం చూడలేదా?

చూశాం. కాదంటే అబద్ధమవుతుంది. మల్లెతోటల వాళ్ళనడగండి. చలికాలంలో మల్లెకి నీళ్ళు కట్టేస్తారు. కొమ్మలు కత్తిరిస్తారు, ఆకు దూసేస్తారు. చూస్తే మోడులా ఉంటుంది. అలా చేస్తేనే వేసవికి విరగబూస్తుంది. లావెండరుకీ పువ్వులయ్యాక ఏటేటా కత్తిరింపు కావాలి, లేకపోతే కాళ్ళు సాగి, మధ్యలో బోసిగా కట్టెలు తేలుతుంది. అయితే దానికో నియమముంది. పచ్చటి భాగంలోనే కత్తిరించాలి. ఇంకా కిందికి, ఆకులేని ముదురు కట్టెలోకి కత్తెర దిగిందా, అక్కడినుంచి మళ్ళీ చిగురు రావడం కల్ల. కత్తెర పట్టినవాళ్ళకి పచ్చ ఎక్కడ ఆగిందో కనపడాలి. కత్తిరించాక ఆ మొక్కని రోజూ చూసుకోవాలి కూడా. మల్లెకి నీళ్ళు కట్టేసినాయనే రోజులు లెక్కపెట్టుకుని మళ్ళీ నీళ్ళు వదులుతాడు. క్రమశిక్షణ అంటే అది. కత్తిరించి వదిలేసి "పూస్తుందిలే" అని వెళ్ళిపోవడాన్ని తోటపని అనరు.

ఇంకో సాక్షి కూడా ఉంది. ఇది నాకు పూర్తిగా ఎదురుపక్షం సాక్షి. అస్సాం, త్రిపురల్లో పెరిగే అగరుచెట్టు. ఆరోగ్యంగా ఉన్న అగరుచెట్టు మానుకి సువాసనే ఉండదు, తెల్లటి తేలిక కట్టె. పురుగు తొలిచో, కొమ్మ విరిగో గాయమై, దానిలోకి బూజు చేరితే, ఆ గాయాన్ని అడ్డుకోవడానికి చెట్టు నల్లటి బంకలాంటి పదార్థం ఊరుస్తుంది. ఆ పదార్థమే అగరు. బంగారంతో తూగే పరిమళం. ఇక్కడ మాత్రం గాయంలోంచే సువాసన పుట్టింది, సందేహం లేదు. ఉపమానం కావాలంటే మనవాళ్ళు గంధాన్ని కాకుండా అగరునే ఎంచుకోవలసింది.

సరే, ఈ సత్యం తెలిశాక మనుషులేం చేశారు? చెట్లకి మేకులు కొట్టారు. బెజ్జాలు తొలిచి బూజు ఎక్కించారు. పెరటిచెట్లతో అలా వ్యాపారం సాగుతోంది. అడవుల్లో అయితే ఏ చెట్టులో అగరు ఉందో, ఏ చెట్టులో లేదో తెలియక నరికి చూశారు. చివరికి అడవిలో ఆ చెట్టే అరుదైపోయి, 1995లో దాని అమ్మకాలకి దేశదేశాల మధ్య ఆంక్షలు పెట్టుకోవలసి వచ్చింది. నాకు భయమేసింది ఇక్కడే. గాయంలోంచి పరిమళం పుట్టవచ్చన్నది నిజమే కావచ్చు. ఆ నిజం చెట్టుకి తెలిస్తే ఫరవాలేదు. మేకు చేతపట్టుకున్నవాడికి తెలిస్తేనే ప్రమాదం. అగరుచెట్టు ఆ పరిమళాన్ని మనకోసం ఊర్చలేదు, తన ప్రాణం దక్కించుకోవడానికి ఊర్చింది. మనం దానిపక్కన నిలబడి "ఆహా, ఏం త్యాగం!" అంటున్నాం.

ఫ్రాన్సులో గట్‌ఫోసే అని ఓ రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1910లో ఆయన ప్రయోగశాలలో పేలుడు జరిగి ఒళ్ళు కాలింది. మంటతో కంగారుపడి పక్కనున్న లావెండరు నూనె తొట్టిలో చెయ్యి ముంచాడనీ, అది మాయగా మానిందనీ లోకంలో ఓ కథ తిరుగుతూ ఉంటుంది. ఆయన 1937లో రాసిన పుస్తకంలో చెప్పుకున్నది వేరు. మంటలార్పుకోవడానికి గడ్డిలో పడి దొర్లాడట. ఆ తర్వాత పుండు చెడుతుంటే, తెలిసే, లావెండరు నూనెతో కడిగాడట. లోకానికి తొట్టి కథే నచ్చింది. ఏ కథైనా కానీండి, ఆయన గాయం మాన్పుకోవడానికి పరిమళాన్ని వాడాడు. పరిమళం కోసం గాయం చేసుకోలేదు. ఈ రెండింటికీ తేడా చెరగకుండా ఉంటే చాలు, మిగతా ఉపమానాలన్నీ నేను ఒప్పుకుంటాను.

ఇదంతా నేను మా అత్తగారితో అన్నాను. ఆవిడతో ఎందుకంటే, ఈ విషయంలో మాట్లాడే అర్హత మా ఇంట్లో అందరికంటే ఆవిడకే ఎక్కువ. మా మామగారు పోయేనాటికి ఆవిడకి ముప్ఫై ఒకటో ఏడు, ముగ్గురు పిల్లలు. తెనాలిలో ఓ అద్దెగదిలో అప్పడాలు వత్తి, కుట్టుపని చేసి, ముగ్గురికీ చదువులు చెప్పించారు. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు, ఎవరినీ ఓ మాట అనలేదు. ఆవిడతో పది నిమిషాలు మాట్లాడినవాళ్ళు ఆవిడని మర్చిపోరు. లెక్చరరుగారి సిద్ధాంతానికి మా ఇంట్లోనే నడయాడే ఉదాహరణ ఆవిడ.

"నిజమేనంటారా అత్తయ్యగారూ, కష్టాలు మనిషికి మంచి చేస్తాయంటారా?" అని అడిగాను.

ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. కాసేపు ఏమీ అనలేదు. "నేర్పాయమ్మా, ఎందుకు నేర్పలేదు? మనిషిని చూడగానే ఆకలిమీద ఉన్నారో లేదో చెప్పగలను. అది కష్టాలు నేర్పిందే" అన్నారు. మరో నాలుగు కాయలయ్యాక, "అందుకని నా కూతుళ్ళని తీసుకెళ్ళి ఆ బళ్ళో వేశాననుకున్నావా? వాళ్ళని ఆ బడి గడప తొక్కనివ్వకూడదనే కదా రాత్రిళ్ళు దీపం పెట్టుకుని కుట్టింది!" అన్నారు.

నేను పేజీలకొద్దీ తిరిగి చేరలేకపోయిన చోటికి ఆవిడ చిక్కుడుకాయ పక్కన పెట్టినంత తేలిగ్గా చేరుకున్నారు.

అవును, తన కష్టానికి అర్థం చెప్పుకునే హక్కు పడ్డ మనిషిది. "ఆ రోజులు నన్ను మనిషిని చేశాయి" అని మా అత్తగారంటే నేను చేతులు కట్టుకుని వింటాను. అదే మాట ఆవిడకి అప్పట్లో అద్దెకోసం తలుపు తట్టిన ఇంటాయన అని ఉంటే? మాట ఒకటే. ఒకరి నోట అది జ్ఞానం, మరొకరి నోట అది కాఠిన్యం. కష్టం పడినవాళ్ళలో ఎంతమంది పరిమళించారో మనం లెక్క చెప్తాం, ఎందుకంటే వాళ్ళు కనపడతారు. ఎండిపోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది? మా అత్తగారి వీధిలోనే అదే వయసులో అదే అవస్థ పడ్డవాళ్ళు మరో ఇద్దరున్నారట. ఒకావిడకి మతి చలించింది. ఇంకొకావిడ ఏమైందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఉపమానాల్లోకి వాళ్ళు రారు.

అలాగని ఏ ఇబ్బందీ లేని చోటే వెతుక్కుని కూర్చోమని నేననను. మొక్కకి కత్తెరా, ఎండా, నాలుగు రోజుల దాహమూ అవసరమే. కాపురాల్లోనూ సర్దుబాట్లుంటాయి, అవి లేని ఇల్లు లేదు. మరి ఏది కత్తిరింపు, ఏది నరకడం అని ఎలా తెలుస్తుంది? నాకు తెలిసిన గుర్తు ఒకటే, తోటవాళ్ళది. చిగురు. కత్తిరించిన చోటికి కాస్త కింద, కొన్నాళ్ళకి, చిన్న పచ్చటి మొన కనపడితే అది కత్తిరింపు. నెలలు గడిచినా కనపడకపోతే అది మరోటి. చిగురు వస్తోందో లేదో దూరాన కూర్చున్న ఉత్తరం రాసే పిన్నికి కనపడదు. ఆ పిల్లకే కనపడుతుంది.

అంచేత మా అక్క అడిగిన నాలుగు మంచి మాటలూ నేను రాయలేదు. రాసింది ఇంతే: "అమ్మడూ, ఓర్చుకోమని గానీ వచ్చెయ్యమని గానీ నేను రాయను. ఆ ఇంట్లో ఉన్న మూడేళ్ళలో నీకు కొత్తగా ఇష్టమైనది ఒక్కటైనా ఉందా? నువ్వు కొత్తగా నేర్చుకున్నదీ, నవ్వుకున్నదీ ఏమైనా ఉందా? ఉంటే దాన్నిబట్టి ఆలోచించుకో. ఏమీ లేకపోతే అదీ ఓ జవాబే. నువ్వు ఎటు నిర్ణయించుకున్నా మా ఇంట్లో ఓ గది ఖాళీగా ఉంది. అద్దె అడగను, ఉపమానాలు చెప్పను." ఉత్తరం చదివి మా అక్క నామీద నెలరోజులు అలిగింది. ఆ అమ్మాయి ఏం నిర్ణయించుకుందో ఇక్కడ రాయను. అది ఆమె కథ, ఆమె చెప్పుకోవలసింది.

లెక్చరరుగారు మళ్ళీ ఓసారి వచ్చినప్పుడు ఈ వాదనంతా ఆయన ముందు పెట్టాను. మంచి మనిషి, శ్రద్ధగా విన్నారు. "అయితే ఆ ఉపమానం పూర్తిగా పనికిరాదంటావా అమ్మా?" అన్నారు కొంచెం దిగులుగా. పనికొస్తుందన్నాను. మొక్కవైపునుంచి కాకుండా పెంచేవాళ్ళవైపునుంచి చెప్పుకుంటే పనికొస్తుందన్నాను. మనింటికొచ్చిన మొక్క ఏ నేలలోంచి వచ్చిందో కనుక్కోవడం, దానికి ఎండ తగులుతోందో లేదో చూడటం, మన ఇష్టం కొద్దీ కాకుండా దాని అవసరం కొద్దీ నీళ్ళు పొయ్యడం, అది వాడిపోతుంటే దాని ఓర్పుని పొగడకుండా కుండీ మార్చడం. కోడల్ని తెచ్చుకునేవాళ్ళకీ, పనిమనిషిని పెట్టుకునేవాళ్ళకీ, బళ్ళో పిల్లలకి చదువు చెప్పేవాళ్ళకీ ఇది పనికొచ్చే పాఠమే.

ఆయన కాసేపు ఆలోచించి, "ఇది చెప్పడానికి అంత సొంపుగా ఉండదు" అన్నారు నవ్వుతూ.

నిజమే, ఉండదు. సభల్లో చప్పట్లు పడే మాట కాదిది. అయినా మీలో ఎవరైనా ఈ శీతకాలం లావెండరు పెంచుదామనుకుంటే, విత్తనాలతో మాత్రం మొదలెట్టకండి, వారాల తరబడి మొలకెత్తక విసిగిస్తాయి. మొగ్గ వెయ్యని కొమ్మ నాలుగంగుళాలు కత్తిరించి, కింది ఆకులు దూసి, తడి ఇసకలో గుచ్చండి. నీడలో పెట్టి కొన్ని వారాలు ఆగండి. వేళ్ళొచ్చిందీ లేనిదీ చూద్దామని రోజూ పీకి చూడకండి. పువ్వు వచ్చాక, కంకిలో సగం విచ్చుకున్నప్పుడు కోసి, గుత్తిగా కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదియ్యండి. బట్టల బీరువాలో పెడితే చాలా నెలలు వాసన ఉంటుంది. కుండీ పక్కగా వెళ్ళినప్పుడల్లా చీర చెంగు తగిలినా చాలు, మొక్క తన పరిమళం ఇస్తుంది. దానికోసం దాన్ని నలపక్కర్లేదు.